పలక కప్పని గుంత

మొన్న పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని నేను మూడుసార్లు అరిచినా, చెవుల్లో గింజల్లాంటివేవో పెట్టుకున్న మా మనవరాలు పక్కనే నిలబడి తల ఊపుతూ ఉండిపోయింది. చుక్క పాలు వృథా అయినా ఊరుకోని నాకు కోపం రావాలి గానీ, మా మరిది గుర్తొచ్చాడు.

ధర్మవరంలో మా ఇంట ఒకే గదిలో రెండు గుంత మగ్గాలు, ఒకటి నాది, ఒకటి మా మరిదిది. గుంతలోకి కాళ్ళు దించుకుని కూర్చుని నేసేవాళ్ళం. పాకే బిడ్డ ఉన్న ఇంట్లో, మగ్గం దిగితే గుంత మీద చెక్క పలక కప్పిగానీ కదలకూడదని మా అత్త నాకు మొదటే నేర్పింది. మరిది నేస్తూ గొంతెత్తి పాడితే వీధిలో పోయేవాళ్ళు నిలబడి, "ఏమబ్బా, ఇంకొకటి అందుకో" అనేవారు. అట్లాంటివాడు హిందూపురం పోయి, జేబులో పట్టే టేపురికార్డరు, చెవులకు తగిలించుకునేవి కొనుక్కొచ్చాడు. దుడ్లు తగలేశాడని రెండు రోజులు సణిగాను. అప్పటినుంచి పాట అతని చెవుల్లోనే ఉండిపోయింది, మాకు మగ్గం చప్పుడే మిగిలింది.

ఒకరోజు కొళాయికి నీళ్ళొచ్చాయని కేక వినపడితే, మా కూతురిని మూలన కూర్చోబెట్టి, ఏడిస్తే మరిది వింటాడులే అనుకుని, పలక కప్పకుండానే బిందె తీసుకుని పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి మూల ఖాళీ. అతని చెవుల మీదవి లాగి పడేసి, "ఏమప్పా, బిడ్డ యాడ?" అన్నాను.

"ఆడనే ఉండాది కదొదినా," అన్నాడు, తల ఎత్తకుండానే.

వంగి నా గుంతలోకి తొంగి చూశాను. ఏడుపు వినపడినా ధైర్యం ఉండేది. కాళ్ళతో తొక్కే కర్రల కింద, మట్టిగోడకు ముఖం ఆనించి, పెదవులు నల్లబడి పడి ఉంది బిడ్డ. ఎత్తి వీపు తట్టగా తట్టగా, ఒక్కసారి ఊపిరి గుంజి ఏడ్చింది. ఆ గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంది. ఎంతసేపు పిలిచిందో!

నేను బిడ్డతో కూలబడి ఉండగా, గోడకు ఆనించిన పలకను తీసి మరిదే గుంత మీద సగానికి కప్పాడు, మా అత్త లోపలికి వచ్చేలోగా. పలకను పక్కకు నెట్టుకుని బిడ్డ పడిందనుకున్నారు అందరూ. పక్కనే ఉండి ఏడుపు వినలేదని ఇల్లంతా అతన్నే తిట్టింది. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా తిట్టింది నేనే. టేపురికార్డరు ఎవరికో ఇచ్చేశాడు. మళ్ళీ పాటా పాడలేదు.

ఇప్పుడు మా వీధిలో గుంతలు పూడ్చి మరమగ్గాలు పెట్టుకున్నారు. ఎవరి పాట వాళ్ళ చెవుల్లో, పక్కవాళ్ళకు తెలియదు. మరిది పెనుకొండలో కూతురి దగ్గర ఉన్నాడు, చెవులు బాగా మందగించాయట. పలక నేనే కప్పలేదని ఇప్పుడు అతని ముందు ఒప్పుకోవాలంటే, వీధి వీధంతా వినేలా అరవాలి.