షాహెదా కట్టని తెర

వనపర్తిలో మా ఇంటి ముందు రెండు మడిగెలున్నాయి. ఒకదాంట్లో షాహెదా ఇంటర్నెట్ సెంటర్, పక్కదాంట్లో కురుమూర్తి రక్తం, తెమడ పరీక్షల ల్యాబు. భర్త పోయాక షాహెదా హైదరాబాదులో ఆరు నెలలు కంప్యూటర్ పని నేర్చుకొని వచ్చి 2007లో సెంటర్ పెట్టింది. ఇంటర్నెట్ కనెక్షన్ మాత్రం ఇద్దరికీ ఒకటే. గోడకు బిగించిన నెట్‌వర్క్ స్విచ్ డబ్బా నుంచి పది వైర్లు ఆమె కంప్యూటర్లకు, రెండు ల్యాబుకు పోయేవి. ఏ వైరు ఎటు పోతుందని నేను అడగని రోజు లేదు. విసుక్కోకుండా చెప్పేది.

మరుసటి ఏడు ఒక పొద్దున, పరీక్ష హాల్‌టికెట్ కోసం వచ్చిన మా సందు పిల్లాడు జగదీశ్ ఏదో నొక్కి పైకి చదివాడు. "బాలనాగమ్మ, నలభై రెండేండ్లు, టీబీ ఉన్నది. మన సందు మొగదాల ఇడ్లీబండి ఆమెనే గద?"

చాయ్ ఇవ్వడానికి వచ్చిన నేను గోడ వైపు చూశాను. మధ్యన ఇటుక గోడ ఉంది. అవతలి కంప్యూటర్‌లోని రిపోర్టు ఇవతల కూర్చున్నవాడు ఎట్లా చదివాడు?

షాహెదా వెంటనే ల్యాబు వైర్లు పీకేసి అందరినీ పంపించింది.

"గోడ మనుషులకే పెద్దమ్మ. ఒక్క డబ్బాకున్న కంప్యూటర్లన్నీ ఒక్క హాల్ల కూసున్నట్టే. పెండ్లిల ఆడోళ్లకు, మొగోళ్లకు నడుమ తెర కడ్తం గద, ఈ డబ్బాల గూడ గట్లనే కట్టొచ్చు. వీల్యాన్ అంటరు."

"మరి ఇంటర్నెట్టు?"

"వంట ఒక్కకాడనే. రెండు దిక్కుల వడ్డిస్తరు."

"ఆ తెర ఎప్పటిసంది ఉన్నది?"

"డబ్బా కొన్నప్పటిసంది."

"మరెందుకు కట్టలే?"

"నడుస్తుంది గద అనుకున్న."

గంటసేపు కూర్చుని, తన పది వైర్లను ఒక గుంపుగా, ల్యాబువి ఇంకో గుంపుగా మార్చింది. ఇంటర్నెట్ వైరు ఒక్కటే రెండింటికీ ఉమ్మడి. మళ్లీ అన్నీ అదే డబ్బాకు పెట్టింది. నేనే మౌస్ పట్టుకుని వెతికాను. ల్యాబు పేరే కనపడలేదు, ఇంటర్నెట్ మాత్రం వస్తూనే ఉంది.

మూడోరోజు బాలనాగమ్మ వచ్చింది. బండి దగ్గరికి ఒక్కరూ రాలేదట.

"ఎవరు చెప్పిన్రు షాహెదా?"

జగదీశ్ పేరు నా నోటిదాకా వచ్చింది.

"నా డబ్బానే చెప్పింది అక్కా. తెర కట్టాల్సింది నేను. కట్టలే" అంది షాహెదా.

ఎవరూ మోపని తప్పును తనే నెత్తికెత్తుకుంది.

"ఇప్పుడు కనపడ్తదా?"

"కనపడదు."

"సూసినోళ్ల కండ్లకు?"

బాలనాగమ్మ వెళ్లిపోయింది.

మర్నాడు ఏడింటికి సెంటర్ షట్టర్ వేసే ఉంది. షాహెదా ఇడ్లీబండి పక్కన స్టూలు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లందరి ఎదుట తింటోంది. నన్ను చూసి ఇంకో స్టూలు లాగింది.

"డాక్టర్ని అడిగిన పెద్దమ్మ, టీబీ ఇడ్లీలతోని రాదట. కూసో."

ఇన్నేళ్లుగా రోజూ తిన్న చేతి ఇడ్లీ. అయినా నా కాళ్లు ఒక్క క్షణం ఆగిపోయాయి. బాలనాగమ్మ చూసింది కూడా. ఆ తర్వాతే కూర్చున్నాను.