ఊసరవెల్లి చూడాల్సిన మొదటి మొహం

కోనసీమ మొత్తం మీద మనిషి పిలిస్తే నిద్రలేచే ఊసరవెల్లి నా ఒక్కడికే ఉండేది. నిన్న పొద్దున మందారకొమ్మ మీద ఒకటి కనబడగానే బాబాయి మీద పాత కోపంతో మళ్ళీ ఒళ్ళు మండింది.

లేవగానే ఎవరి మొహం చూస్తే రోజంతా అలా గడుస్తుందని ఇంట్లో అందరి నమ్మకం. నా ఊసరవెల్లి ముందుగా నా మొహమే చూడాలని రాత్రి బోనుకి గోనెసంచి కప్పి, నేను లేచాకే తీసేవాణ్ణి. పిలిస్తే లేచేదన్నది కాస్త పెంచానులెండి, ఎండ తగిలితే కదిలేది. పొద్దున్నే దాని మొహం చూస్తే అశుభమని బాబాయి సణిగేవాడు. ఓ రోజు బోను ఖాళీ. ఆయనతో ఏళ్ళ తరబడి మాట్లాడలేదు.

ఇదంతా చెప్పి తిడుతుంటే అక్క విసుక్కుంది.

"బాబాయిగారిని అనకురా. బారెడు పొద్దెక్కేదాకా నువ్వు పడుకుంటే, ఎండ లేక అది చచ్చేలా ఉండేది. వదిలేసింది ఆయన కాదు, నేను."