గోడవైపు తిప్పిన ఫ్యాను

మా వీధి మూలమీద గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే మేస్త్రి పోయిన నెలలో చనిపోయారు. రెండు రోజులు ఛాతీలో నొప్పని సూర్యాపేట ఆసుపత్రిలో ఉన్నారు. మూడో రోజు పొద్దున కబురు వచ్చింది. పాలు పోసే ఆమె గుమ్మంలో నిలబడి చెప్పింది. అప్పుడు నేను ఒక జాకెట్టుకు చేతులు వేస్తున్నాను. కుట్టు సగంలో ఆపి లేచాను.

ఆ కుట్టు మిషను కింద ఉన్న ఇనుప స్టాండు నేను చేసుకున్నదే. చేసుకునేలా చేసింది ఆయన. ఆయన గురించి నాకు తెలిసిందంతా ఆ స్టాండు చుట్టూనే ఉంది కాబట్టి దాని గురించే రాస్తాను. ఇంట్లో చిన్న పనులకు వెల్డింగ్ మిషను కొనాలని చూసేవాళ్లకు అందులో రెండు మూడు మాటలు పనికి రావచ్చు.

నేను దర్జీని. చిన్నప్పుడు ట్రాక్టరు మీంచి పడ్డాను. కుడి మోకాలు బిగుసుకుపోయింది, వంగదు. ఎడమకాలితో మోటారు మిషను నడుపుతాను. బజారులో దొరికే స్టాండ్లన్నీ రెండు మోకాళ్లూ వంగేవాళ్లకు చేసినవి. నా కుడికాలు చాపుకోవాల్సిన చోటే వాటికి అడ్డకడ్డీ ఉంటుంది. పన్నెండేళ్లు పక్కకు తిరిగి కూర్చుని కుట్టాను. చివరికి నడుము పట్టేసింది. కూర్చునే తీరు మార్చుకో, లేకపోతే కుట్టడం మానెయ్ అన్నాడు డాక్టరు. మా ఆయన ఆటో నడుపుతాడు. నా మిషను ఆగితే ఇల్లు ఒంటికాలి మీద నిలబడుతుంది.

మేస్త్రి నాకు మూడుసార్లు స్టాండు చేసిచ్చారు. మొదటిదానికి కడ్డీ పైకి జరిపారు, మోకాలికి తగిలింది. రెండోదానికి కడ్డీ తీసేశారు, మిషను ఊగింది. మూడోది మూడు వేళ్లు ఎత్తయింది. ప్రతిసారీ తానే మోసుకొచ్చి తానే వెనక్కి మోసుకెళ్లారు. మూడోసారి మా ఇంటి నేల మీద కూర్చుని నా కాలి వంక చాలాసేపు చూశారు.

"నేను గేట్లు చేసెటోన్ని బిడ్డా. గేటుకైతే గోడ కొలత ఇస్తది. నీ కాలు కొలత నాకెట్ల దొర్కుతది? కూసొని సూస్కుంట అతుకుపెట్టుకోవాలె. అది నువ్వే చెయ్యాలె" అన్నారు.

"నేనా మేస్త్రీ? వెల్డింగా?"

"సూదిల దారం ఎక్కించే చెయ్యి గిదానికి వణుకుతదా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆయన ముప్పై ఏళ్లుగా రాడ్‌తో అతికే మనిషి. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో పని నేర్చుకున్నారు. నాకు మాత్రం రాడ్ వద్దన్నారు. రాడ్ కాలుతున్నకొద్దీ పొట్టిదవుతుంది, చెయ్యి దాని వెంట దిగుతూ ఉండాలి, అది వంటబట్టడానికే ఏడాది పడుతుంది. మిగ్ అనే ఇంకో రకం వెల్డింగ్ మిషనులో కండె మీద చుట్టిన సన్న తీగ గన్నులోంచి దానంతటదే వస్తుంది. చెయ్యి నిలకడగా నడిపిస్తే చాలు. "మిల్లుల్ల సూసిన గని నేనెన్నడు పట్టలే. ఇద్దరం నేర్సుకుందాం" అన్నారు.

వీధిలో తెలిసింది. టైలరమ్మకు వెల్డింగ్ సరదా పుట్టిందని నవ్వారు. మా ఆయన కూడా, "ఇల్లు కాలవెడ్తవా ఏంది?" అన్నాడు. నడుము పోతే ఇల్లు ఎట్ల నడుస్తదో చెప్పమన్నాను. మిషను కోసం కోదాడ వెళ్లాల్సిన రోజు మాత్రం పొద్దున్నే ఆటో తీసి మమ్మల్ని బస్టాండులో దింపాడు.

అంతకుముందే మేస్త్రి మా ఇంటికి వచ్చి మీటరు చూశారు. మిషను చూడకుండా మీటరు చూడ్డమేంటని అడిగాను. "మిషను కరెంటు తాగుతది. నీ ఇంటి వైరు దారమంత సన్నగున్నది. ఎంత మంచి మిషను దెచ్చినా గీడ అది లేవదు. చవక మిషను కొను, చవక వైరు కొనకు" అన్నారు. మీటరు నుంచి వెనక రేకుల పందిరి దాకా లావు వైరు, దానికి వేరే స్విచ్చు, ఎర్తు కావాలని ఎలక్ట్రీషియనుకు చెప్పి ఒప్పుకునేదాకా వదల్లేదు. ఇంకోటి కూడా అన్నారు. "ముందు కండ్లు కొను. మిషను తర్వాత." దానంతటదే నల్లబడే ముఖకవచం అన్నిటికంటే ముందు కొనిపించారు. ఆయన కళ్లు ఎప్పుడూ ఎర్రగా నీరు కారుతుండేవి. వయసులో ఉన్నప్పుడు మామూలు చలువ కళ్లద్దాలతో పని చేసిన ఫలితం అది.

కోదాడలో దుకాణదారు నన్ను చూడకుండా మేస్త్రితోనే మాట్లాడాడు. "ఇది తీసుకోండి మేస్త్రిగారూ. పెద్ద మిషనండి. లారీ ఛాసిస్ అయినా అతుకుద్ది."

"ఆమెకు లారీ లేదు సార్. కుట్టుమిషనుంది. కొనేది ఆమె, ఆమెతోటి మాట్లాడు."

దుకాణదారు నా కాలు చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "అమ్మా, ఎందుకండీ మీకీ పని?"

"పక్కపలక తెరిచి చూపించండి" అన్నాను.

నాలుగు మిషన్ల పక్కపలకలు తెరిపించాను. లోపల చూస్తే నాకు కొత్తేమీ కనిపించలేదు. కండె, దాన్ని పట్టి ఉంచే స్ప్రింగు, తీగను లాగే చిన్న చక్రాలు, బిగువు మార్చే మర. బిగువు ఎక్కువైతే దారం తెగుతుంది, తక్కువైతే ముడిపడుతుంది. తీగ కూడా అంతే. అన్నిటికంటే చవకదానికి ఆ చక్రాల పట్టు ప్లాస్టిక్‌ది, వేలితో నొక్కితే వంగింది. పెద్దదాన్ని నేను ఎత్తలేను. మధ్యలో ఒకటి ఉంది. ఇంటి కరెంటు మీద నడుస్తుంది, లోపల చక్రాలు ఇనుపవి, ఒక చేత్తో ఎత్తి పక్కకు పెట్టగలిగాను. గ్యాసుతోనూ గ్యాసు లేకుండానూ పనిచేస్తుందని డబ్బా మీద రాసి ఉంది. గన్ను గొట్టం పొడుగెంతో జానతో కొలిచాను. నేను పీట మీద కూర్చునే చేస్తాను, నేల మీంచి బల్ల అంచు దాకా అందాలి. అందింది.

"ఇదే" అన్నాను.

బయటికి వచ్చాక మేస్త్రి, "ముప్పై ఏండ్ల సంది ఈ పనిల ఉన్న. మిషను కడుపు జూసి కొనుడు నాకు తట్టలే" అన్నారు.

మా ఇంట్లో వైరు పని పూర్తికాలేదు కాబట్టి మొదట ఆయన షాపులోనే నేర్చుకున్నాం. గ్యాసుతో అయితే అతుకు శుభ్రంగా వస్తుందని చిన్న సిలిండరు కిరాయికి తెచ్చారు. ఎండాకాలం. రేకుల కింద పెనం మీద కూర్చున్నట్టే ఉండేది. ఆయన తన స్టాండు ఫ్యాను తెచ్చి నా పీటకు ఎదురుగా పెట్టి, తాను దూరంగా ఎండలో కూర్చున్నారు.

అతుకులో చిల్లులు. అట్టు మీద బుడగలు పగిలినట్టు. కరెంటు పెంచాం, తగ్గించాం. తీగ వేగం మార్చాం. ఇనుము తుప్పు గీకాం. మర్నాడూ అంతే. మేస్త్రికి కోపం వచ్చింది. కోదాడకు ఫోను చేశారు.

"ఏం మిషనయ్యా ఇది? ఆడమనిషని సూసి అంటగట్టినవా? రేపే తెచ్చి నీ ముంగట పడేస్త."

దుకాణదారు ఏదో సర్దిచెబుతున్నాడు. నేను చేతిలో ఉన్న అతుకును తిప్పి చూస్తున్నాను. నాలుగు వేళ్ల మేర నున్నగా ఉంది. తర్వాత రెండు వేళ్లు చిల్లులు. మళ్లీ నాలుగు వేళ్లు నున్నగా. మళ్లీ చిల్లులు. కుట్టులో దారం ఇలా దూరం కొలిచి తెగితే తప్పు దారానిది కాదు. తిరిగేది ఏదో దాన్ని తాకుతున్నట్టు. తలెత్తితే ఫ్యాను మెడ తిప్పుకుంటూ అటు వెళ్లి మళ్లీ నావైపు వచ్చింది.

"మేస్త్రీ, ఫ్యాను ఆపండి" అన్నాను.

ఆపి అతికాను. అతుకు మొదలు నుంచి చివరిదాకా నున్నగా వచ్చింది. కరుగుతున్న ఇనుముకు గాలి తగలకుండా గ్యాసు కాపలా కాయాలి. ఫ్యాను ఆ గ్యాసును తరిమేస్తోంది. రాడ్ మీద మందుపూత ఉంటుంది, దాని పొగే దానికి కాపలా. అందుకే ఆయన ముప్పై ఏళ్లు ఫ్యాను కింద పని చేసినా ఏమీ కాలేదు. ఎండాకాలంలో మా దగ్గర మనిషి కూర్చోగానే ఫ్యాను అటు తిప్పడం మర్యాద. ఆ మర్యాదే రెండు రోజులు మిషనుకు చెడ్డపేరు తెచ్చింది.

ఆయన వెంటనే మళ్లీ ఫోను చేశారు. "సార్, మిషను మంచిదే. తప్పు నా ఫ్యానుది. కాదు, నాదే." అవతల దుకాణదారు నవ్వడం నాకూ వినిపించింది. తనకంటే చిన్నవాడికి, పది నిమిషాల కింద తిట్టినవాడికి, నా ఎదుట తప్పు ఒప్పుకోవడానికి ఆయన కాస్త కూడా తటపటాయించలేదు. ఆయనలో నాకు అన్నిటికంటే గుర్తుండేది ఇదే.

మా ఇంటి వెనక పందిరికి మూడు వైపులా గోడ లేదు. గాలి ఎటునుంచైనా వస్తుంది. అందుకే గ్యాసు వద్దనుకున్నాం. లోపలే మందు నింపిన తీగ దొరుకుతుంది, దానికి సిలిండరు అక్కర్లేదు. ఆ తీగ వేసినప్పుడు మిషను లోపల రెండు కనెక్షన్లు తారుమారు చేయాలి. పుస్తకంలో బొమ్మ ఉంది, నేను చూపిస్తే ఆయన మార్చారు. నిప్పురవ్వలు ఎక్కువ, అతుకు మీద పొట్టు గీకాలి. కానీ బయట కూర్చుని పనిచేసుకునేవాళ్లకు అదే సరైనది. ఈ తీగకు ఫ్యాను గాలి అంతగా అడ్డం కాదని కూడా చెప్పాను. ఆయన నమ్మలేదు. తన షాపులో ఫ్యాను మెడను ఇనుప తీగతో బిగించి గోడవైపు తిప్పి కట్టేశారు.

"ఉక్క పోస్తోంది కద మేస్త్రీ. మీరు రాడ్‌తోనే చేస్తరు. మీ వరకైనా తిప్పుకోండి."

"నువ్వెప్పుడొస్తవో తెల్వదు కద" అన్నారు.

స్టాండుకు రెండు నెలలు పట్టింది. పీట మీద కూర్చుని, కాలు చాపి, కాలు ఆగిన చోట సుద్దతో గీత గీసి, ఆ గీతకు అవతల కడ్డీ పెట్టాను. నాలుగుసార్లు కోసి మళ్లీ అతికాను. అయిపోయాక మేస్త్రి సుత్తి తీసుకుని వచ్చారు. నాలుగు మూలలా కొట్టారు. వంగి వేలితో అతుకు తడిమారు.

"అందంగ లేదు" అన్నారు. ఇంకో మూల కూడా తడిమి, "గని ఇడిసిపెట్టదు" అన్నారు.

ఆ మాట తర్వాత మరో మెప్పు కోసం నేను ఎదురుచూడలేదు. ఏడాది దాటింది. నడుము నొప్పి పూర్తిగా పోలేదు, కుట్టడం మాత్రం ఆగలేదు.

పదకొండో రోజు దాటాక మేస్త్రి భార్య మా ఇంటికి వచ్చింది. నేను పెద్దమ్మా అంటాను. ఒక గేటు మిగిలిపోయిందని చెప్పింది. "కింది కీలు ఒక్కటే అతికేదున్నది బిడ్డా. ఆ ఇంటోళ్లు వేరే మేస్త్రిని పిలుస్తమంటున్నరు. ఆయన చేసిన గేటు మీద ఇంకొకరి చెయ్యి ఎందుకు? నువ్వు పెడ్తవా?"

గేటు బరువుకు నా మిషను చిన్నది. రెండు మూడు వరుసలు మెల్లగా పెడితే నిలుస్తుందనుకున్నాను. మా ఆయన మిషనును ఆటోలో పెట్టి షాపు ముందు దింపాడు. కీలు దగ్గర తర్వాత పూర్తి చేద్దామని మేస్త్రి పెట్టి వదిలిన చిన్న చుక్క అతుకు ఉంది. అప్పుడే పెట్టినట్టు నున్నగా.

స్విచ్చు వేస్తే దీపంతోపాటు ఫ్యాను కూడా తిరిగింది. మెడకు ఇనుప తీగ అలాగే ఉంది. నా తీగకు గాలి తగిలినా పరవాలేదు, కట్టు విప్పి ఇటు తిప్పుకోవచ్చు. పీట జరుపుకుని, కాలు చాపుకుని, ముఖకవచం దించుకున్నాను. ఆయన చుక్క పక్కనుంచే మొదలుపెట్టాను. మూడో వరుసకు చెమట కళ్లలోకి దిగింది.

అయిపోయాక సుత్తి తీసుకుని కీలును గట్టిగా కొట్టాను. కదల్లేదు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. వెనక ఫ్యాను గోడకే గాలి కొడుతోంది. గోడ మీద పోయిన నెల క్యాలెండరు కాగితం లేచి పడుతూ, లేచి పడుతూ ఉంది.