వంకరవేలికి సరిపోయిన చిత్రిక

మేస్త్రికి అబద్ధం చెప్పడం చేతకాదు. నోరు మూసుకుని ఊరుకోవడం మాత్రం బాగానే వచ్చు. ఆ సంగతి తల నెరిశాక గానీ ఆయనకే తెలియలేదు.

తలుపులూ కిటికీలూ చేస్తాడు. వీధిలో అందరికీ వంకరవేలు మేస్త్రి. పని నేర్చుకునే రోజుల్లో దుంగ జారిపడి ఎడమచేతి బొటనవేలు పక్కకి తిరిగింది, అలాగే అతుక్కుపోయింది. ఆ వేలితో చిత్రిక పట్టి చెక్కని నునుపు చేయడమంటే ఆయనకి రోజూ నరకమే.

ఆయన భార్యకి అన్న ఒకడున్నాడు, పనిముట్లు చేస్తాడు. ఒక్కో చిత్రికకి వారాలు పడుతుంది, ధరా అలాగే ఉంటుంది. చెల్లెలి మొగుడు పడే అవస్థ చూడలేక, ఒక చిత్రికకి ఎడమ చెంపన ఆ వంకరవేలు పట్టేంత గుంట తొలిచి ఇచ్చాడు. ఆ గుంట ఇంకే చిత్రికకీ పెట్టలేదు.

"ఇది నీ కాలి చెప్పనుకో బావా, ఇంకొకళ్లకి పట్టదు" అన్నాడు.

మేస్త్రీ ఆయన్ని బావా అనే పిలుస్తాడు. ఆ బావ కొట్లో చిత్రికల అడుగు చదును చేసే ఆయన్ని ఆకురాయన్న అంటారు, చేతిలో ఎప్పుడూ ఇనుము రాచే ఆకురాయి ఉంటుంది కాబట్టి. ఇనుము మీద అరచేయి ఆనించి ఎక్కడ వెంట్రుకవాసి ఎత్తుందో చెప్పేస్తాడు. ఆ కొట్లోనే మీసం మొలిచింది, ఆ కొట్లోనే నెరిసింది.

ఒకసారి ఇనుప సామాన్ల షావుకారు మేస్త్రి చిత్రిక చూసి ముచ్చటపడ్డాడు.

"వారం రోజులు మా అద్దాల బీరువాలో పెట్టుకుంటాను మేస్త్రిగారూ. పనితనమంటే ఏమిటో జనం చూస్తారు" అన్నాడు.

పొగిడితే ఉబ్బని మనిషెవరు? మేస్త్రి ఇచ్చేశాడు. వారం తిరిగేసరికి షావుకారు నూనె రాసి, గుడ్డలో చుట్టి మరీ తిరిగిచ్చాడు. మేస్త్రి ఆ సంగతే మర్చిపోయాడు.

కొన్నాళ్లకి అదే షావుకారు కొట్లో బావ చిత్రికకి నకళ్లు బారులు తీరాయి. పదును రేకుని బిగించే లోపలి మరతో సహా దించేశారని విని బావ మండిపడ్డాడు. ఆ మర గుట్టు తనకీ ఆకురాయన్నకీ తప్ప బయటివాళ్లకి తెలియదని ఆయన లెక్క. వాటి మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నాడు. ఒక్కటి చేతిలోకి తీసుకుని ఉంటే అప్పుడే తేలిపోయేది, కానీ కోపమొచ్చిన మనిషి ముందు మూసుకునేది కళ్లే. ఆకురాయన్నని పిలిచి, రేపటి నుంచి రావద్దన్నాడు.

"నేను కాదు" అన్నాడు ఆయన ఒకే ఒక్కసారి. ఆకురాయి గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయాడు.

మేస్త్రి అక్కడే కూర్చుని ఉన్నాడు. "ఈ రోజుల్లో ఎవరినీ నమ్మలేం బావా" అని వంత కూడా పాడాడు.

ఈలోగా మేస్త్రి కూతురు ఉద్యోగం మానేసి, తండ్రి బల్ల పక్కనే ఇంకో బల్ల వేసుకుంది. ఆ పిల్లకో చిత్రిక కావాలి. బావని అడిగితే ఊరికే ఇచ్చేస్తాడు, అది మొహమాటం. కొంటానంటే కొడతాడు. పైగా నకలు చిత్రికలు మొదట్లో చెక్కని గీకినా ఇప్పుడు బాగా తెగుతున్నాయంటున్నారు. అందరూ కొంటుంటే నేనొక్కణ్ణి మానేస్తే ఆగుతుందా, బావని ఇబ్బంది పెట్టకుండా ఉన్నట్టే కదా అనుకున్నాడు మేస్త్రి. తప్పు చేయబోయేవాడికి ఇన్ని మంచి కారణాలు ఎక్కణ్ణుంచి ఊడిపడతాయో!

కొని తెచ్చి, ముందు తనే పట్టి చూశాడు. ఉల్లిపొర లాంటి పొర లేచింది.

"అబ్బ, నా చేతికి కొలిచి చేసినట్టుందే!" అని మురిసిపోయి, పక్కకొట్టు రంగుల ఆయన్ని పిలిచి మరీ చూపించాడు.

కూతురు పట్టుకుంది. రెండుసార్లు తోసి ఆగిపోయింది.

"నాన్నా, ఇక్కడేదో గుంట ఉంది. వేలు అందులో పడి నొక్కుకుంటోంది."

"అలవాటవుతుందిలే."

"మరి నీకెందుకు నొక్కట్లేదు?"

ఆ పిల్ల తండ్రి పాత చిత్రికని తెచ్చి దీని పక్కన పెట్టింది. రెండింటికీ ఎడమ చెంపన ఒకటే గుంట, ఒకటే వంకర. మేస్త్రికి షావుకారు అద్దాల బీరువా గుర్తొచ్చింది. ఆకురాయన్న గుడ్డ చుట్టుకున్న తీరు గుర్తొచ్చింది. షావుకారు దించింది తన చిత్రికనే.

నకలుని చెక్కముక్కల వెనక దాచేశాడు. దాచినంత మాత్రాన మనసు ఊరుకుంటుందా? అన్నం కలిపి వదిలేసి లేచేవాడు. చివరికి భార్య నిలదీస్తే కక్కేశాడు.

"మా అన్నయ్యకి నేను చెప్పను. మీరే చెప్పాలి. చెప్పేదాకా నాతో మాట్లాడకండి" అంది.

ఆదివారం బావ వచ్చాడు. చెల్లెలింటికొస్తే ఆయన ముందు వెళ్లేది పనిబల్ల దగ్గరికే. తను చేసిన పనిముట్లన్నీ విప్పి, పదును పెట్టి గానీ మంచినీళ్లు ముట్టడు. సానరాయి తడుపుతుండగా మేస్త్రి నకలు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

"ఇదేంటి బావా?" అని బావ చిరాగ్గా పట్టుకున్నాడు. బొటనవేలు గుంటలో పడింది, ఇమడలేదు. ఆయన దాన్ని తిప్పి చూసి, మేస్త్రి వేలి వంక చూశాడు. మేస్త్రి మొత్తం చెప్పాడు. బీరువా సంగతీ, కొన్న సంగతీ, మురిసిపోయిన సంగతీ కూడా.

బావ అరుస్తాడనుకున్నాడు. అరిచినా బాగుండేది. పదును పెట్టకుండానే బావ సానరాయి పక్కన పెట్టి లేచాడు.

"నువ్వు ఇచ్చావు. నేను తరిమాను. పద, ఇద్దరం వెళ్దాం" అన్నాడు.

మేస్త్రి నకలు చేత పట్టుకుని వెంట నడిచాడు. ఆకురాయన్న ఇల్లు రెండు వీధుల అవతల. ఆయనే తలుపు తీసి ఇద్దర్నీ చూసి పక్కకి జరిగాడు, రమ్మనలేదు. గడప బయటే నిలబడి మేస్త్రి చెప్పాడు.

"తప్పు నాది అన్నా. చిత్రికని షావుకారుకిచ్చింది నేనే. నీ మీద నింద పడితే వంత కూడా పాడాను."

"రేపు కొట్టుకి రా. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను" అన్నాడు బావ.

ఆకురాయన్న మేస్త్రి చేతిలోంచి నకలు తీసుకుని తిరగేశాడు. అరచేయి అడుగు మీద మెల్లగా జరిపాడు.

"ఇది చదును చేసింది నేనే" అన్నాడు. "దొంగ అన్న మాట పడ్డవాణ్ణి ఎవరు పెట్టుకుంటారు బాబూ? అన్ని కొట్లూ తిరిగాను. చివరికి షావుకారే పిలిచాడు. గీకుతున్నాయని జనం తిరిగిచ్చేస్తున్నారట, అడుగులు సరిచేయమన్నాడు. నోట్లోకి ముద్ద వెళ్లాలి కదా."

ఆకురాయన్న చిత్రికని పైపంచెతో తుడిచి మేస్త్రి చేతిలో పెట్టాడు. పనివాడు పనివాణ్ణి అడిగే మామూలు గొంతుతోనే అడిగాడు.

"బాగా తెగుతోందా మేస్త్రీ?"

తెగడం లేదని చెప్పాలని ప్రాణం కొట్టుకుంది మేస్త్రికి.

"బాగా తెగుతోందన్నా" అన్నాడు, తలెత్తకుండా.