బల్లకు పేరిచ్చిన కృపమ్మ

2011లో, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో, శామీర్‌పేట దగ్గరి లూథరన్ గుడిలో సాయుధ బలగాలు అయిదు నెలలు మకాం పెట్టాయి. బెంచీలు మంచాలయ్యాయి. ప్రభు భోజనపు బల్ల మీద హెల్మెట్లు బారులు తీరాయి. సంఘం ఒక రేకుల షెడ్డు కింద ఆరాధన చేసుకుంది. బలగాలు వెళ్లిపోయాక గోడలకు సున్నం కొట్టారు, నేల కడిగారు. ఇక మిగిలింది కృపమ్మ సంగతి.

జీడిమెట్లలో తాను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక, ఆ అయిదు నెలలూ బలగాలకు రొట్టెలు కాల్చిపెట్టింది ఆమే. ఉద్యమ ఊరేగింపులో ఆ జవాన్ల లాఠీ దెబ్బకే సంఘంలోని పడుచుపిల్ల జాస్మిన్ మణికట్టు విరిగింది; ఆమెను బండిలో పట్టుకుపోయారు కూడా.

ఆ సంఘంలో ప్రభు భోజనం తీసుకోదలచినవాళ్లు ముందురోజు శనివారమే పాస్టరుకు పేరివ్వాలి. పేరు లేనివాళ్లకు ఆదివారం రొట్టె లేదు, ద్రాక్షారసం లేదు. గుడి తిరిగి తెరిచాక మొదటి శనివారం కృపమ్మ కొంగు నెత్తిన కప్పుకొని వరసలో నిలబడింది.

పాస్టరు జోయెల్ పక్కనే సంఘపెద్ద రాజారావు కూర్చున్నాడు. కొంపల్లిలో విల్లా ఉన్న మనిషి, సంఘంలో ఆయనదే మాట.

"ఆమెది రాయకుండ్రి, అయ్యగారూ. మన పిల్లల్ని కొట్టినోళ్లకు వండిపెట్టింది."

"వండిన. ఇంట్ల పొయ్యి వెలగాలె గద," అంది కృపమ్మ. "మరి గుడి తాళంచేతులు వాళ్లకెవరిచ్చిన్రు, పెద్దయ్యా?"

"ఇయ్యక ఏం జేస్త? తుపాకులున్నయ్ వాళ్లకాడ!"

"నాకాడికొచ్చినప్పుడు తుపాకులు ఇంట్ల వెట్టి రాలె."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. కలిగినవాడు తలొంచితే లౌక్యం, కూలి మనిషి తలొంచితే ద్రోహం. బయటి లెక్క గుడిలోనూ అదే.

జోయెల్ కలం కింద పెట్టాడు. "రాస్తే ఇద్దరి పేర్లూ రాస్తా. లేకుంటే ఇద్దరివీ రాయను."

రాజారావు కొత్త సున్నం కొట్టిన గోడ వంకకు తిరిగాడు. "రాయుండ్రి," అన్నాడు.

ఆదివారం కృపమ్మ బల్ల ముందు మోకరించింది. ఆడవాళ్లు ఆమెకు రెండు పక్కలా ఎడం వదిలారు. ఆ ఎడంలోకి జాస్మిన్ వచ్చింది. వంకరగా అతుక్కున్న మణికట్టును ఒళ్లో పెట్టుకొని మోకాళ్ల మీద కూర్చుంది.

"జర జరుగు, పెద్దమ్మా," అంది గుసగుసగా. "నీ రొట్టెలు మస్తుంటయని నన్ను పట్కపోయిన బండిల వాళ్లు ఒకటే ముచ్చట. నాకైతే ఒక్కటన్న పెట్టకపోతివి."

కృపమ్మ పక్కకు జరిగింది. రొట్టె పళ్లెం పట్టుకొని పాస్టరు వాళ్లిద్దరి ముందుకూ వచ్చాడు.