ఉప్పు చూసి చెప్పు

నా చిన్నప్పుడు, అంటే పళ్లూ ఓపికా రెండూ ఉన్న రోజుల్లో, మెత్తటి తిండంటే పసిపిల్లలకూ బాలింతలకూ అనుకునేదాన్ని. ఇప్పుడు నా కడుపుకి ఆపరేషన్ అయి మూడు వారాలు. పొద్దున జావ, పదింటికి ఇంకో జావ. మధ్యాహ్నానికని మా కోడలు అన్నం, పప్పు, కూర అన్నీ మిక్సీలో వేసి తిప్పి, గిన్నె నా పక్కన పెట్టి ఉద్యోగానికి పోతుంది. పాపం, దాని తప్పేం లేదు. కానీ ఆ గిన్నె చూస్తేనే నాకు నీరసం. చెంచా ఎత్తడం కూడా ఓ పనేనా అంటే, పనే. నిన్న మధ్యాహ్నం దాన్ని అలా పక్కకు నెట్టి కూర్చుంటే మా తాతయ్య గుర్తుకొచ్చాడు.

మా తాతయ్య అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్లలో బెల్లం పాకం చూసేవాడు. చెరకు రసం పెనంలో మరిగి మరిగి ఎప్పుడు దింపాలో చెప్పడం ఆయన పని. కాస్త పాకం నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి, నాలుక మీద పెట్టుకుని "దింపండి" అనేవాడు. ఆయన ఆ మాట అనేదాకా ఎవరూ పెనం మీద చెయ్యి వేసేవారు కాదు. ఒక ఏడాది, చెరకు గానుగలు మొదలుకాకముందే, ఆయనకు కడుపులో పుండుకి విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు. ఇంటికి పంపిస్తూ డాక్టరు ఒకటే చెప్పారట. నెల్లాళ్లు మెత్తటివే కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి, తినకపోతే మాత్రం మనిషి లేవడు అని.

మా మామ్మ భయస్తురాలు. చిన్న ముక్క తగిలినా కుట్లు తెగిపోతాయని అన్నం, పప్పు, బీరకాయ అన్నీ కలిపి రోట్లో రుబ్బి ముద్ద చేసి పెట్టేది. తాతయ్య రెండు రోజులు ఎలాగో మింగాడు. మూడోనాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మామ్మ బతిమాలింది, ఏడ్చింది, ఒట్లు పెట్టింది. "ఆకలి నేదే, నన్నొగ్గెయ్" అనేవాడు. వారం తిరిగేసరికి నడుం మీద పంచె నిలవడం మానేసింది. చూడ్డానికి వచ్చిన చుట్టాలు వీధిలోకి వెళ్లి గుసగుసలాడుకునేవారు. తాతయ్య చచ్చిపోతాడని నాకు తెలిసిపోయింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. భయంతో ఆయన మంచం కోడు పట్టుకుని కూర్చునేదాన్ని.

పుడిమడక నుంచి గంపలో చేపలు తెచ్చే ఆమెను మేం చేపలత్త అనేవాళ్లం. ఆ రోజు గంప దించుతూ మామ్మ చేతిలో గిన్నెలోకి తొంగిచూసింది.

"ఇదేటమ్మా, కుడితా? గేదె కూడా ముందు వాసన సూత్తాది."

చేపలత్త గంపలోంచి సొరచేప ముక్క తీసి, పెరటి పొయ్యి మీద ఉడకబెట్టి, తోలు తీసి, వేళ్లతో మెత్తగా నలిపి, పసుపూ కాస్త అల్లమూ వేసి సొరపుట్టు చేసింది. మా వైపు బాలింతలకు పెట్టే కూర అది. ముళ్లుండవు. చెంచాడు ఆకు ముక్కలో పెట్టుకుని తాతయ్య దగ్గరికి వెళ్లింది.

"నానేటి బాలింతనా?" అని కసిరాడు ఆయన.

"తినమన్నానేటి మావా? ఉప్పు సూసి సెప్పు. మీ ఇంటి ఉప్పు నాకు తెల్దు."

చూసి చెప్పమంటే ఆయన కాదనలేకపోయాడు. జన్మంతా చేసిన పని అదే కదా! నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, "ఉప్పేదే? సప్పగా సచ్చింది" అన్నాడు. ఆవిడ పెరట్లోకి వెళ్లి, కాసేపు ఉత్తినే నిలబడి, మళ్లీ చెంచాడు తెచ్చింది. ఇంకా చాల్లేదన్నాడు. మళ్లీ వెళ్లింది. వెనకాలే తిరుగుతున్న నేను "అత్తా, నువ్వు ఉప్పు వెయ్యనే..." అనబోయాను. అంతే, గట్టిగా తొడపాశం పెట్టింది. అమ్మో, ఆ మంట ఇంకా గుర్తుంది. నాలుగుసార్లు తిరిగేసరికి గిన్నెలో సగం అయిపోయింది. ఐదోసారి నిజంగానే ఉప్పు వేసింది. తాతయ్య సరిపోయిందని చెప్పి, ఇంకాస్త తెమ్మన్నాడు.

గంప ఎత్తుకుంటూ చేపలత్త మామ్మకి చెప్పింది, మెత్తగా చెయ్యి గానీ అన్నీ ఒకటి చేసెయ్యకు, ఏం తింటున్నాడో మనిషికి తెలియాలి అని. ఉప్పు సరిపోయిందా అని అడిగే పని నాకు అప్పజెప్పింది. ఆ నెల్లాళ్లూ పప్పుకట్టు వేరు, ఆనపకాయ వేరు, గుడ్డు వేరు. రోజుకి ఆరుసార్లు చిన్న చిన్న గిన్నెలు పట్టుకెళ్లి అడిగేదాన్ని. నాకూ విసుగే, ఆయనకూ విసుగే. అయినా అడిగేదాన్ని, ఆయన చెప్పేవాడు. పంచె మళ్లీ నడుం మీద నిలిచింది.

గానుగల కాలం సగంలో ఆయన తిరిగి పాకం చూడ్డానికి వెళ్లినప్పుడు నన్నూ తీసుకెళ్లాడు. గోరువెచ్చటి బెల్లం ఉండ నా చేతిలో పెట్టి, నవ్వుతూ అన్నాడు.

"సేపలమ్ముకునే ఆడది ఉప్పెయ్యడం మరిసిపోద్దేటే? పాకం సూసే నాలిక్కి తెల్దనుకున్నారా?"

తెలిసీ ఎందుకు తిన్నావని అడిగాను. "అడిగినోళ్లకి సెప్పాలి కదే" అన్నాడు.

నన్ను అలా అడిగేవాళ్లు ఇప్పుడు ఇంట్లో లేరు. ఎవరి పరుగులు వాళ్లవి. అడిగినా, నాకు ముందే తెలిసిన కిటుకు నా మీదేం పనిచేస్తుందిలే అనుకున్నాను. కానీ తాతయ్యకి మాత్రం తెలియదా ఏమిటి? గిన్నె దగ్గరికి లాక్కున్నాను. ఆకలేసి కాదు, బాగుంటుందనీ కాదు. సాయంత్రం కోడలు రాగానే "ఉప్పు తక్కువైందే, రేపట్నుంచి పప్పు వేరేగా తీసిపెట్టు" అని చెప్పాలంటే, ముందు నేనో చెంచాడు నోట్లో పెట్టుకోవాలి కదా.