తాళం చితికిన కంప్యూటర్

రామన్నపేటలో నాకు డీటీపీ దుకాణం ఉండేది. తహసీల్ ఆఫీసుకు వచ్చేవాళ్లు దరఖాస్తులు, ఒప్పంద కాగితాలు నా దగ్గర టైపు చేయించుకునేవాళ్లు. కొత్త రాష్ట్రం వచ్చేనాటికే నా కంప్యూటర్ ముసలిదైపోయింది. అయినా మార్చలేకపోయాను. నేను వాడే తెలుగు సాఫ్ట్‌వేర్ తెరుచుకోవాలంటే కంప్యూటర్ వెనక బొటనవేలంత తాళం ఒకటి బిగించి ఉండాలి. ఆ తాళం తయారుచేసిన కంపెనీ మూతపడింది. కొత్త కంప్యూటర్లకు దాన్ని బిగించే చోటే లేదు.

నా పాత కంప్యూటర్‌లో ఉన్న కాగితాల్లో ఇద్దరు అన్నదమ్ముల పంపకం ఒకటి. పెద్దాయన నా పక్కన కూర్చుని ఒక్కొక్క మాటా చెప్పి రాయించాడు. బావి పక్క ఎకరం తమ్ముడికి, బావి ఇద్దరికీ అని. ఆ తాళం లేకపోతే కాగితం తెరుచుకోదని ఆ రోజే నా నోట విన్నాడు. కొన్నేళ్లకు పట్టా పుస్తకాలు కొత్తగా ఇస్తున్నారని తెలియగానే ఆ ఎకరం కూడా తనదేనన్నాడు. తమ్ముడి ఇంట్లోకి దూరి కాగితాన్ని పొయ్యిలో పెట్టాడు. అడ్డం వచ్చిన మరదలిని జుట్టు పట్టుకుని గడప దాకా ఈడ్చాడు. సాక్షుల్లో ఒకాయన చనిపోయాడు. రెండో ఆయన గుర్తులేదన్నాడు.

మర్నాడు ఆ మరదలు వాచిన పెదవితో నా దగ్గరికి వచ్చింది.

“అక్కా, గా కాగితం నీ కంప్యూటర్ల ఉన్నదా?”

“ఉన్నది. ప్రింటర్ రిబ్బన్ ఎండిపోయింది. రేపు పొద్దుగాల రా, కొత్తది ఏసి తీసిస్త.”

తెల్లారి ఆమె కంటే ముందు, సంగతి ఎవరి ద్వారానో తెలిసి పెద్దాయన వచ్చాడు. చేతిలో గడ్డపార ఉంది. కోపంగా కూడా లేడు.

“చెల్లె, జర పక్కకు జరుగు. నీతోని నాకు లొల్లి లేదు.”

నేను లేచేలోపే మానిటర్ మీద పోటు పడింది. అద్దం పేలి ముక్కలు నా మెడకు, చెంపకు గుచ్చుకున్నాయి. రెండో పోటు కంప్యూటర్ డబ్బా మీదికి వస్తుంటే, ఎందుకు పెట్టానో తెలియదు, ఎడమ చెయ్యి అడ్డం పెట్టాను. మణికట్టు దగ్గర ఎముక విరిగిన చప్పుడు ముందు వినిపించింది, నొప్పి తర్వాత తెలిసింది. ఆయన వైర్లతో సహా తాళాన్ని పీకి, గడప రాయి మీద పెట్టి చితక్కొట్టాడు.

అప్పుడే తమ్ముడు, అతని భార్య వచ్చారు. తమ్ముడు గడ్డపార గుంజుకుని అన్న మోకాలి మీద కొట్టాడు. పడిపోయిన మనిషిని మళ్లీ కొట్టాడు. మొదటి దెబ్బ ఎక్కడ పడిందో అక్కడే, అదే మోకాలి మీద.

“సస్తడు, ఇడువు! నీ కాల్మొక్త, ఇడువు!” అని భార్య అతని నడుం పట్టుకుని వేలాడింది.

నేను బల్ల కింద ఉన్నాను. ఆపమని అరవలేదు. ఇంకొక్కటి పడితే బాగుండునని అనుకున్నాను. ఆ మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

నేనూ పెద్దాయనా ఒకే దవాఖానలో చేరాం. తమ్ముడిని పోలీసులు తీసుకుపోయారు, బెయిలు మీద వచ్చాడు. నా చేతికి కట్టు ఉండగానే సొట్టపోయిన డబ్బాను భువనగిరిలో రిపేరు చేసేవాడి దగ్గరికి తీసుకెళ్లాను. అతను హార్డ్ డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలించాడు. కాగితం దొరికింది గాని, ఆ సాఫ్ట్‌వేర్ లేక అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపించాయి.

“గిదేం రాత అక్కా?” అంది నా వెంట వచ్చిన తమ్ముడి భార్య.

దుకాణంలో మిగిలిన వేరే కాగితాల అచ్చు ప్రతులను వాటి గుర్తుల పక్కన పెట్టుకుని, ఏ గుర్తు ఏ అక్షరమో వారం రోజులు కూర్చుని పోల్చుకున్నాను. పంపకం కాగితాన్ని కుడి చేత్తో నోటుబుక్కులో రాశాను.

పెద్దమనుషులు పంచాయితీకి పెద్దాయన ఇంటి ముందే కూర్చున్నారు. ఆయన కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. “అది దొంగ కాగితం, నేనేం రాయియ్యలే” అన్నాడు. నేను చదవడం మొదలుపెట్టాను. బావి నీళ్ల మాట దగ్గర కొన్ని గుర్తులు దెబ్బతిన్న డిస్క్‌లోనే చెడిపోయాయి, ఏ అక్షరాలో తేలలేదు. అందాజుగా, “వారంలో మూడు రోజులు పెద్దవాడికి, నాలుగు రోజులు చిన్నవాడికి” అని చదివాను.

ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. “తప్పు సదువుతున్నవు. నాలుగొద్దులు నాకు, మూడొద్దులు వానికి. నేనే గట్ల చెప్పి రాయించిన.”

ఆయన తల్లి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. “నోటితోనే ఒప్పుకున్నవు కదా కొడుకా” అంది నెమ్మదిగా. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఎకరం తమ్ముడికే దక్కింది. రాజీ చేసుకుని కేసు కొట్టేయించుకున్నారు. పెద్దాయన కాలు ఇప్పటికీ వంగదు, నా ఎడమ చేతి రెండు వేళ్లు కూడా అంతే. ఆ రాజీనాడు పంపకం కాగితాన్ని కొత్తగా కొన్న కంప్యూటర్ మీద మళ్లీ కుడి చేత్తో టైపు చేసి ఇచ్చాను. సంతకాలు పెట్టేటప్పుడు అన్నదమ్ములిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. పోయేటప్పుడు పెద్దాయన నా కట్టు వైపు చూసి, “నొస్తుందా చెల్లె?” అని అడిగాడు. నొస్తుందని చెప్పాను.